గేరు నిలుస్తలేదు

లారీకి ఛాసిస్ ఉంటుంది. పొలాల్లో తిరిగే ట్రాక్టర్‌కి ఉండదు. ముందు ఇంజన్, దాని వెనక క్లచ్ హౌసింగ్, ఆ వెనక గేర్ బాక్స్, చివర వెనక యాక్సిల్. ఈ పోత ఇనుప డబ్బాల్ని ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే బండి, అదే వెన్నెముక. అందుకే గేర్ బాక్స్ పాడైందంటే ఎక్కడో ఒక భాగం పాడైనట్టు కాదు. లోపలి షాఫ్టుల దాకా చెయ్యి పోవాలంటే బండిని నడుము దగ్గర రెండుగా విడగొట్టాలి.

ఈ పద్ధతిని ఊరూరికీ చేర్చింది 1917లో వచ్చిన హెన్రీ ఫోర్డ్ ఫోర్డ్‌సన్ ట్రాక్టర్. విడిగా చట్రం అక్కర్లేదు కాబట్టి ఇనుము మిగులుతుంది, ధర తగ్గుతుంది, చిన్న రైతు కొనగలుగుతాడు. మంచిదే. కానీ డెట్రాయిట్‌లో మిగిలిన ఆ ఇనుము ఖరీదుని వందేళ్ల తర్వాత కూడా ఏటూరునాగారం రోడ్డు పక్కన, రేకుల షెడ్డు కింద, చెయిన్ పుల్లీ లాగుతూ ఒకరు కడుతూనే ఉన్నారు. యంత్రాల చరిత్రలో ఈ లెక్క ఎవరూ రాయరు. డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' అనే పుస్తకంలో ఈ మాటే అన్నాడు: కనిపెట్టినవాళ్ల చరిత్ర చాలా రాశాం, వాడినవాళ్లదీ బాగుచేసినవాళ్లదీ వదిలేశాం అని. మన దగ్గర మరీ అన్యాయం. హరిత విప్లవం మీద ఏ వ్యాసం చూసినా అప్పులూ, సబ్సిడీలూ, ఎన్ని ట్రాక్టర్లు అమ్ముడయ్యాయన్న లెక్కలూ ఉంటాయి. నాట్ల మధ్యలో రెండో గేరు ఊడిపోతే ఏం చేశారో ఉండదు.

1951లో దేశం మొత్తం మీద ఉన్న ట్రాక్టర్లు తొమ్మిది వేల లోపే. దాదాపు అన్నీ దిగుమతులు. 1960 దశకంలో ఇక్కడే తయారీ మొదలైంది. ఐరిష్ మనిషి హారీ ఫెర్గూసన్ డిజైన్ల వారసత్వం మాసీ ఫెర్గూసన్ ద్వారా మద్రాసు టాఫేకి వచ్చింది. (ఈ ఫెర్గూసన్‌కీ ఫోర్డ్‌కీ 1938లో నోటిమాట మీద, చెయ్యి కలిపి ఒప్పందం జరిగింది. అది చెడి కోర్టుకెక్కింది. 1952లో ఫోర్డ్ కంపెనీ తొంభై రెండున్నర లక్షల డాలర్లు కట్టి బయటపడింది. కాగితం రాసుకోని పొత్తులు ఎట్లా ముగుస్తాయో మన పల్లెల్లో ఎవర్నడిగినా ముందే చెప్పేవాళ్లు.) 1963లో బొంబాయిలో మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి బి-275 మొదలుపెట్టారు, అది ఇంగ్లండులో పుట్టిన బండి. 1971 ప్రాంతంలో ప్రభుత్వ సంస్థ హెచ్.ఎం.టి. చెకోస్లోవాకియా జీటర్‌ని పింజోర్‌లో తయారుచేయడం మొదలుపెట్టింది. పాత మెకానిక్ షెడ్డులో ఒక మూల ఇంగ్లండూ ఇంకో మూల చెకోస్లోవాకియా పడుండేవి. ఒకదాని గేరు ఇంకోదానికి పట్టదు.

ఏటూరునాగారం వరంగల్ నుంచి వంద కిలోమీటర్ల పైనే. ములుగు, పస్రా దాటాక తాడ్వాయి అడవి, అది దాటితే గోదావరి ఒడ్డు. కోయగూడేలు, ఐటీడీఏ ఆఫీసు, అభయారణ్యం, ఒడ్డు భూముల్లో మిర్చి. ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. కానీ ట్రాక్టర్‌కి ఆ చట్టం వర్తించదు కదా. భూమి ఒకరిది, దున్నే బండి ఇంకొకరిది కావడానికి అడ్డేమీ లేదు. కాబట్టి గేర్ బాక్స్ పోతే నష్టం బండి ఓనరొక్కడిదే అనుకోకూడదు. గంటకింత అని కిరాయి మాట్లాడుకుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని మడి గట్టు మీద నిలబడ్డ ఎకరమున్నర రైతుది కూడా. నారు ముదిరిపోతుంటుంది. ఓనరుకి పోయేది కిరాయి, ఇతనికి పోయేది పంట.

ఈ నేలలో గేర్ బాక్సులు త్వరగా పోవడానికి కారణం కరిగట్టు, అంటే కోస్తాలో దమ్ము అనేది. ఇనుప కేజీవీల్స్ తగిలించి మోకాటి లోతు బురదలో రోజంతా తిప్పుతారు. యాక్సిల్ చివర్ల ఆయిల్ సీళ్లు అరిగి నీళ్లు లోపలికి పోతాయి. ఫెర్గూసన్ తరహా బండ్లలో గేర్లకీ, వెనక యాక్సిల్‌కీ, హైడ్రాలిక్‌కీ కలిపి ఒకటే ఆయిల్, ముప్పై లీటర్ల దాకా. నీళ్లు కలిస్తే అది పాలు పోసిన టీలాగా మారుతుంది. అంత ఆయిల్ ఒక్కసారి పారబోసి కొత్తది పోయాలంటే ఎవరికైనా చెయ్యి వెనకాడుతుంది. ఇంకో వారం లాగుదాం అనుకుంటారు. ఆ వారంలోనే బేరింగులు పోతాయి. కరిగట్టు అయిపోయాక బండికి విశ్రాంతి ఉందా? ఇసుక ట్రిప్పులు, మిర్చి బస్తాలు, రెండేళ్లకోసారి మేడారం జాతరకి ట్రాలీ నిండా జనం.

"అన్నా, సెకండ్ గేర్ నిలుస్తలేదే" అంటూ డ్రైవర్ వస్తాడు. పాత బండ్లలో చాలావాటికి గేర్లు షాఫ్టు మీద జరిగి ఒకదాని పళ్లలో ఒకటి దూరతాయి. కారులోలాగా వేగం కలిపే ఏర్పాటు ఉండదు. బండి ఆపకుండా గేరు మార్చిన ప్రతిసారీ గరగరమని పళ్ల కొసలు గుండ్రమవుతాయి. కొసలరిగిన పన్ను బరువు పడగానే పక్కకి జారుతుంది. గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి దూకుతుంది. మట్టి గట్టు ఎక్కుతున్నప్పుడు దూకితే, వెనక ట్రాలీ ఉంటే, ప్రాణం మీదికొస్తుంది.

మంచి మేస్త్రీ వెంటనే బండి విప్పడు. ముందు క్లచ్ పెడల్ ఎంత ఆడుతోందో చూస్తాడు. క్లచ్ పూర్తిగా విడవకపోతే గేర్లు బాగున్నా గరగరలాడతాయి, దానికి ఒక నట్టు తిప్పితే చాలు. తర్వాత పైమూత తీసి, గేరుని పట్టి ఉంచే చిన్న ఉక్కుగుండూ దాని కింద స్ప్రింగూ చూస్తాడు. పది నిమిషాల పని, చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది. ఆ తర్వాత ఫోర్కు వంగిందేమో అని. ఇవేవీ కాదంటే కింద డ్రెయిన్ బోల్టు విప్పి, ఆయిల్‌ని వేళ్ల మధ్య నలుపుతాడు. మెత్తని బూడిదరంగు గుజ్జు వస్తే వయసు మీద పడింది, అంతే. పెళుసు ముక్క వేలికి గుచ్చుకుంటే బండి రెండు ముక్కలు కావాల్సిందే.

విడగొట్టే పనిలో మొదటి జాగ్రత్త ముందు యాక్సిల్ దగ్గర ఉంటుంది. అది మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది. వెనక సగం విడిపోగానే ఇంజన్ పక్కకి ఒరిగి మనిషి మీద పడుతుంది. అందుకే ముందే రెండు వైపులా చెక్క చీలలు దిగ్గొడతారు. డీజిల్ పైపులు, వైర్లు, స్టీరింగ్ కడ్డీలు విప్పి, ఇంజన్ కింద మొద్దులు పెట్టి, బోల్టులు తీసి వెనక సగాన్ని దాని చక్రాల మీదే వెనక్కి తోస్తారు. కలపడం ఇంకా కష్టం. క్లచ్ ప్లేటు మధ్య గాట్లలోకి గేర్ బాక్స్ షాఫ్టు వెంట్రుకవాసి తేడా లేకుండా దూరాలి. దానికి పాత బండి షాఫ్టు ముక్కనొకదాన్ని దాచుకుంటారు, ముందు దాంతో ప్లేటుని నడిమికి తెస్తారు. తర్వాత ఇద్దరు టైర్లు తోస్తుంటే ఒకడు చేత్తో ఫ్లైవీల్‌ని కొంచెం కొంచెం తిప్పుతుంటాడు. దూరకపోతే బోల్టులు బిగించి లాక్కోవాలనిపిస్తుంది. అట్లా బిగిస్తే ఆ పోత డబ్బా పగులుతుంది.

2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన నమోదైంది. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిలో మనుషులే కొట్టుకుపోయారు. అలాంటి వరదలో మునిగిన ట్రాక్టర్‌ని స్టార్ట్ చేయకుండా ఉండడమే మొదటి వైద్యం. ఆయిల్ దించి, డీజిల్ పోసి కడిగి, మళ్లీ దించి, మళ్లీ కడిగి, అప్పుడు కొత్త ఆయిల్. నీళ్లు పోయినా సన్నటి ఒండ్రు గేర్ల మధ్య ఉండిపోతుంది, అది ఆకురాయిలా పనిచేస్తుంది.

2016లో కేంద్రం హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. ఇవాళ జీటర్ ఉన్నవాడికి కంపెనీ లేదు, ఉన్నది మేస్త్రీయే. అమెరికాలో రైతులు తమ ట్రాక్టర్‌ని తామే బాగుచేసుకునే హక్కు కోసం కొట్లాడి, 2023లో కొలరాడోలో చట్టం తెచ్చుకున్నారు. అక్కడి కొత్త బండ్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోనిదే కొన్ని రిపేర్లు పూర్తికావు. మన దగ్గర కూడా 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకి కాలుష్య నిబంధనలు మారాయి, ఇంజన్లలోకి ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. పొగ తగ్గితే సంతోషమే. కానీ ల్యాప్‌టాప్ తగిలిస్తే తప్ప రోగం తెలియని బండి నాట్ల రోజుల్లో తాడ్వాయి అడవి అవతల ఆగిపోతే, అది ఎవరి కోసం ఎన్నాళ్లు ఎదురుచూడాలన్నది కాలుష్యం లెక్కల్లో రాదు.

పాత బండ్లకి మాత్రం ఇంకా ఒక దారుంది. షోరూములో దొరకని గేరు కోసం వరంగల్ ఆటోనగర్, అక్కడా లేకపోతే విజయవాడ ఆటోనగర్. తుక్కు కింద అమ్మేసిన జీటర్ల గేర్లని పళ్లు చూసి, మంచివి ఏరి, గ్రీజు పూసి గోనెపట్టాలో చుట్టి బస్సులో పంపిస్తారు. వచ్చిన గేరు పాతదే. అప్పటికే ఎక్కడో కొన్ని వేల ఎకరాలు దున్ని ఉంటుంది.