జ్వాలాపురపు బూడిద

అంట్లు తోముకొను బూడిదకు చరిత్ర యేమని శ్రోతలలో కొందరు నవ్వవచ్చును. పొయ్యిలోని బూడిదకైనచో నిన్నటి వంటయే చరిత్ర. కాని నేడు నేను చెప్పబోవు బూడిద మన పొయ్యిలోనిది కాదు, మన దేశములోనిదియు కాదు. అది సముద్రము దాటి ఆకాశమార్గమున వచ్చి మన నంద్యాల సీమలో దిగినది.

నంద్యాలకు పడమటి దిక్కున బనగానపల్లె కలదు. మామిడిపండు మూలమున ఆ పేరు ఎఱుగనివారు లేరు. 1948 వఱకు అది నవాబుల సంస్థానమై యుండెనని యెఱిగినవారు మాత్రము తక్కువ. ఆ ప్రాంతముననే జుఱ్ఱేరు అను చిన్న యేటి లోయలో జ్వాలాపురమను పల్లె యున్నది. అచ్చటి నేల అడుగున తెల్లని మెత్తని మన్ను పొరగా పఱచుకొని యున్నది. ఒక్కొక్కచోట దాని మందము రెండున్నర మీటర్లు; నిలువెత్తు మనిషి అందు మునిగిపోవును. దానిని త్రవ్వి బండ్లకెత్తి అమ్మిరి. గిన్నెలు తోము పొడులలో కలిసి అది ఊళ్లకు పోయినది.

పొయ్యిబూడిద జిడ్డును వదల్చుటకు అందలి క్షారము కారణము. ఈ మన్ను చేయు పని వేఱు. సూక్ష్మదర్శినిలో చూచినచో ఇది మన్నే కాదు, గాజు. పగిలిన బుడగల పెంకులవలె వంకర తిరిగి, అంచులు వాడియైన గాజుతునుకలు. ఇత్తడిమీది మసిని గీకివేయునది ఆ వాడియే. భూగర్భమున కరగిన శిలలో అణగియున్న ఆవిరులు ఒక్కసారిగా నురుగై పొంగినపుడు, ఆ శిల తునాతునకలై పైకెగసి, గాలిలో చల్లారి యిట్టి గాజగును. అనగా ఇది అగ్నిపర్వతపు బూడిద.

ఆ కాలమున మండిన కొండ మన సీమలో ఎచ్చటను లేదు. మఱి యెక్కడిది? గాజులోని రసాయనద్రవ్యముల పాళ్లను పోల్చి చూడగా, అవి సుమత్రాద్వీపమునందలి తోబా అగ్నిపర్వతపు పాళ్లతో సరిపోయినవి. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట ఆ పర్వతము ప్రేలినది. ఇప్పుడచ్చట నూఱు కిలోమీటర్ల పొడవు, ముప్పది కిలోమీటర్ల వెడల్పు గల సరస్సు మాత్రమున్నది. అచ్చటినుండి జ్వాలాపురమునకు రమారమి 2,600 కిలోమీటర్లు.

ఇంత దూరము బూడిద వచ్చునా యని సందేహింపవలదు. 1883 ఆగస్టులో అదే దిక్కున క్రకటోవా ప్రేలగా, సెప్టెంబరు మాసమున చెన్నపట్టణములో సూర్యబింబము ఆకుపచ్చగా కనబడెను. క్రైస్తవకళాశాలలో ఆచార్యుడైన మిచీ స్మిత్ ఆ వెలుగును వర్ణములుగా విడదీసి పరీక్షించెను. ఆ క్రకటోవా తోబా యెదుట మిణుగుఱు వంటిది; తోబా వెళ్లగ్రక్కినది దానికి నూఱురెట్లకు మించినది.

అయినను రెండున్నర మీటర్ల బూడిద ఆకాశమునుండి తిన్నగా కురిసెననుకొనరాదు. కురిసినది నాలుగైదు సెంటీమీటర్లే. మిగిలినది చుట్టుపట్ల మిట్టలమీద పడి, పిమ్మటి వానలకు కొట్టుకొనివచ్చి లోయలో పేరుకొన్నది. ఆ లోయ దానిని భద్రముగా దాచుకొన్నది.

ఇక పేరు మాట. బడిలో నేను భాష చెప్పినవాడను గనుక ఈ ప్రశ్న నన్ను పలువురు అడిగియున్నారు: జ్వాలాపురమను పేరు ఆ ప్రళయపు జ్ఞాపకమే కదాయని. వినుటకు చెవి కింపుగా నుండును. కాని మన తెలుగు మాట శిలమీద కెక్కిన కలమళ్ల శాసనము రమారమి క్రీ.శ. 575 నాటిది. ఆ ప్రేలుడు అంతకు ఏబదిరెట్లు పాతది. సంస్కృతమును గాని తెలుగును గాని పలికిన నోరు అప్పుడెక్కడిది? అదియుగాక జ్వాల యను మాట ఈ సీమకు దేవుని పేరుగా సుపరిచితము. ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిలమున జ్వాలానరసింహస్వామి వెలసియున్నాడు కదా. పేరు పేరే, బూడిద బూడిదే. రెంటికిని ముడివేయుట వ్యుత్పత్తి కాదు, వేడుక.

నిజమైన వింత ఆ పొర క్రిందను, పైనను కలదు. ధారవాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రవి కోరిశెట్టరు, మైకేల్ పెట్రాగ్లియా మొదలగువారు అచ్చట త్రవ్వి, 2007 లో సైన్స్ పత్రికయందు తమ ఫలితములను ప్రకటించిరి. బూడిదకు అడుగున మనుష్యులు చెక్కిన రాతిపనిముట్లు దొరకినవి. బూడిదకు పైనను దొరకినవి. పైవి క్రిందివానిని పోలియున్నవి. అనగా బూడిద కురిసి లోయ తెల్లబడిన తరువాతను, అదే తీరున ఱాయి చెక్కు చేతులు ఈ సీమలో నిలిచియుండెనని వారి వాదము. ఆ చేతులు మనవంటి మానవులవేయనియు వారు తలచిరి. 2013 లో పాల్ మెలర్స్ మొదలగువారు దీనిని కాదనిరి. ఆ పనిముట్లు అంతకు ముందటి వేఱొక మానవజాతివనియు, మనవంటివారు చాల వేల యేండ్లకు గాని యిటు రాలేదనియు వారి మాట. నాకు మొదటి వాదము ప్రియమైనదే. ప్రియమైనంత మాత్రమున సాక్ష్యము కాదు.

ఱాయి చెక్కినవాడెవడో ఱాయి చెప్పదు, ఎముక చెప్పును. బూడిదను ఆనుకొనియున్న పొరలలో మనుష్యుని ఎముక యింతవఱకు దొరకలేదు. ఒక పన్ను దొరకినను ఆ వాదము చాలవఱకు తీరును. అది ఇంకను ఆ లోయలోనే యున్నదో, గిన్నెలు తోమువారికై ఎత్తిన బండ్లలో ఏనాడో వెళ్లిపోయినదో.