అసలు రంభ ఎవరు?

మొన్న దసరా సెలవులకు మా మనవరాలు హైదరాబాదు నుంచి నారాయణరావుపేట వచ్చింది. బట్టల సంచీ చిన్నది, చేతిలో పుస్తకం మాత్రం ఇటికెంత లావు. వచ్చిన దగ్గర్నుంచీ అందులోనే మొహం పెట్టుకుని కూర్చుంది. బతుకమ్మకు తెచ్చిన తంగేడు పువ్వు వాకిట్లో వాడిపోతున్నా దానికి పట్టలేదు.

మా కోడలు రెండుసార్లు పిలిచి, మూడోసారి పుస్తకం లాక్కుంది. తానూ నాలుగు పేజీలు తిప్పింది. ఐదో పేజీ దగ్గర మొహం ఎర్రబడింది. "ఇదా నువ్వు చదివేది?" అంటూ దాన్ని బీరువా మీదకు విసిరింది.

పిల్ల ఏడుపు మొహంతో నా పక్కన చేరింది. "అసలేముందే అందులో?" అన్నాను. ఫెయిరీలట. అంటే మన దేవకన్యలూ గంధర్వులూ లాంటివాళ్ళు. అడవుల్లో గాక పెద్ద పట్నంలో, వీధిదీపాల కింద మనుషుల్లో కలిసి తిరుగుతారట. మామూలు అమ్మాయి ఒకతె వాళ్ళలో ఒకణ్ణి ప్రేమిస్తుందట. "కాస్త శృంగారం ఉంది నానమ్మా" అని గొంతు తగ్గించి చెప్పింది. వాళ్ళ హాస్టల్లో ఆ పుస్తకం మీద మూడు పార్టీలున్నాయట. ముద్దుల కోసం కథను భరించామనేవాళ్ళు కొందరు, కథ కోసం ముద్దులు దాటేశామనేవాళ్ళు కొందరు. ఆ గంధర్వుడికి అందం తప్ప మర్యాద లేదనీ, ఆ పిల్ల వాణ్ణి వదిలేసి ఉండాల్సిందనీ వాదించేవాళ్ళు మూడో పార్టీ. మా మనవరాలు మూడో పార్టీ!

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఎందుకంటే ఇదే ఇంట్లో, ఇదే బతుకమ్మ రోజుల్లో, ఇలాంటి పుస్తకమే ఒకటి నా చేతిలోంచి జారిపోయింది. ఆ పుస్తకం ఇంగ్లీషుది కాదు. అక్షరాలా మన తెలుగుదే, నాలుగు వందల ఏళ్ళు పైబడినది. దాని పేరు కళాపూర్ణోదయం.

పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసి, నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన ప్రబంధమది. ఎనిమిది ఆశ్వాసాలు. పండితుల పుస్తకమని భయపడకండి. కథ మొదలయ్యేది అడవిలోనో ఆశ్రమంలోనో కాదు, ద్వారకా పట్టణంలో. ఆ ఊరి వేశ్య కలభాషిణి చెలికత్తెలతో తోటలో ఉయ్యాల ఊగుతుంటుంది. పైన విమానంలో రంభా నలకూబరులు పోతుంటారు. నారదుడూ, ఆయన శిష్యుడు మణికంధరుడనే గంధర్వుడూ అటే వస్తారు. కలభాషిణి మనసు కుబేరుడి కొడుకు నలకూబరుడి మీద పడుతుంది. అక్కణ్ణుంచి చూడండి తమాషా. రంభ రూపం మరొకరికి వస్తుంది, నలకూబరుడి రూపం ఇంకొకరికి వస్తుంది. ఎవరు ఎవరో తెలియదు. ఆఖరికి ఇద్దరు రంభలు ఎదురెదురుపడి "నేను రంభనంటే నేను రంభను" అని తగవుపడతారు. పై జన్మలో మణికంధరుడు కళాపూర్ణుడనే రాజవుతాడు, కలభాషిణి మధురలాలసగా పుడుతుంది. ఇదంతా ఒకనాడు బ్రహ్మదేవుడు సరస్వతితో సరసమాడుతూ చెప్పిన కథేనని తర్వాత బయటపడుతుంది. ఇప్పుడు చెప్పండి, మా మనవరాలి పుస్తకానికీ దీనికీ ఎంత దూరం?

ఆ మాటకొస్తే గంధర్వుల ప్రేమకథలు మనకు కొత్తేం కాదు. పెద్దన మనుచరిత్రలో వరూధిని ప్రవరుణ్ణి కోరుకుంటుంది. అతడు కాదని వెళ్ళిపోతే, ప్రవరుడి వేషం వేసుకుని ఒక గంధర్వుడు వస్తాడు. తాను ప్రేమించినవాడు వాడు కాడని ఆమెకు తెలియదు. మన పెద్దలు తరతరాలుగా ప్రవరుడి నిష్ఠను మెచ్చుకున్నారు. మోసపోయిన వరూధిని సంగతి ఎందరు ఆలోచించారు?

కళాపూర్ణోదయం మీద అభిప్రాయాలకూ కొదవ లేదు. కేంబ్రిడ్జిలో చదివి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో కవిత్వతత్త్వవిచారం ప్రచురించారు. మన ప్రబంధాల్లో వర్ణనలు మితిమీరాయని అందులో దులిపేశారు. అంత కఠినంగా చూసిన ఆయనే సూరన కథ అల్లిన నేర్పుకు ముచ్చటపడ్డారు. నడిమధ్య నుంచి ఎత్తుకుని, ముడి మీద ముడి వేసి, చివరికి ఒక్కొక్కటీ విప్పిన పద్ధతి అది. తెలుగు విమర్శకు ఆ పుస్తకం ఒక మలుపన్నారు. ఇంకా ఇటీవల, 2002లో, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 'ముద్దు చప్పుడు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇది నవల లాంటిదేనని వాదించారు. ఇంగ్లీషువాళ్ళు వచ్చాకే మనకు నవల వచ్చిందనుకునేవాళ్ళకు అది పెద్ద జవాబు.

అన్నీ విలువైన మాటలే. కాని ఇవన్నీ మగవాళ్ళ మాటలని గమనించారా? కథలో ఉయ్యాల ఊగింది ఆడది, రూపం మార్చుకున్నది ఆడది, తగవుపడ్డదీ ఆడవాళ్ళే. మరి చదివిన ఆడవాళ్ళేమన్నారు?

ఒకామె ఏమన్నదో నాకు తెలుసు. ఆమె మా అత్తమ్మ.

పెళ్ళయి కొత్తగా ఈ ఊరొచ్చినప్పుడు మా నాన్న నా పెట్టెలో కళాపూర్ణోదయం వచనం ఒకటి పెట్టి పంపాడు. ఆయన బడిపంతులు. అత్తమ్మకు చదువు రాదు, వినడమంటే ప్రాణం. బతుకమ్మ రోజుల్లో మధ్యాహ్నం పూట వాకిట్లో చేరి గునుగుపువ్వుకు రంగులద్దుతూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కూర్చుని నాతో చదివించుకునేది.

ఆమెకు బాగా నచ్చింది సుగాత్రీ శాలీనుల కథ. పెద్ద కథ లోపల పొదిగిన చిన్న కథది. శాలీనుడు కొత్త పెళ్ళికొడుకు. తల్లి సుగాత్రికి నిండా నగలు పెట్టి అతని గదిలోకి పంపుతుంది. అతను కన్నెత్తి చూడడు. అల్లుడి వాలకం చూసిన అత్తగారు విసిగి అతణ్ణి తోటపనికి పెడుతుంది. భర్త పడే కష్టం చూడలేక సుగాత్రి నగలన్నీ తీసేసి తానూ వెళ్ళి పనిలో చెయ్యి వేస్తుంది. అప్పుడు, ఆ శ్రమలో ఉన్న భార్యను చూసి అతని మనసు కదులుతుంది.

అంతా విని అత్తమ్మ చేతిలో పువ్వు పక్కన పెట్టి, "గదీ ముచ్చట! నగలు జూసి మురిసెటోడు ఏం మొగడమ్మా? చెమట జూసి మనసు పడ్డోడే మొగడు" అన్నది. వాకిలంతా గొల్లుమంది. ఎన్నెన్నో వ్యాఖ్యానాలు చదివాను గాని, ఆ మాటకు సాటి వచ్చేది నాకు కనబడలేదు.

ఇద్దరు రంభల తగవు దగ్గరికొచ్చాం. ఆ రోజే బంధువుల్లో ఒక పెద్దమనిషి వచ్చాడు. గడపలో నిలబడి కాసేపు విని, "ఇది ఆడవాళ్ళు చదవాల్సిన పుస్తకమేనా? పెళ్ళి కావాల్సిన పిల్లలు కూర్చున్నారు" అన్నాడు. నా చేతులు చల్లబడ్డాయి. అత్తమ్మ మాత్రం తలెత్తకుండానే, "నువ్వు సదివినవా అన్నా? సదివితే నీకేం గాలేదు గదా, మాకేమైతది?" అన్నది.

ఆమెకున్న ధైర్యం నాకు లేకపోయింది. మర్నాడు పుస్తకం పెట్టె అడుక్కు చేరింది. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లో అడిగింది, "ఇంతకూ అసలు రంభ ఎవరే పిల్లా?" అని. పనుందనో, పుస్తకం కనబడడం లేదనో చెప్పేదాన్ని. ఆ జవాబు వినకుండానే ఆమె వెళ్ళిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత, బెంగుళూరు నాగరత్నమ్మగారి గురించి చదివినప్పుడు నాకు అత్తమ్మ గుర్తొచ్చింది. 1878లో మైసూరు సీమలో పుట్టి, దేవదాసీ కుటుంబం నుంచి వచ్చి, మద్రాసులో గొప్ప గాయనిగా పేరు తెచ్చుకున్న మనిషి. ఆమె చేతికి రాధికాసాంత్వనం దొరికింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులోని ముద్దుపళని రాసిన 584 పద్యాల కావ్యం. కృష్ణుడికి ఇళను ఇచ్చి పెళ్ళి చేసిన రాధ, తర్వాత ఈర్ష్యతో కుమిలితే కృష్ణుడు వచ్చి బతిమాలుకునే కథ. మగకవులు తండ్రి, తాతల పేర్లు చెప్పుకున్నట్టు ముద్దుపళని తన వంశపు స్త్రీల పేర్లు గర్వంగా చెప్పుకుంది. 1887లో అచ్చయిన ప్రతిలో అలాంటి భాగాలు కొన్ని ఎగిరిపోయాయి. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి కావ్యాన్ని అచ్చు వేయించింది.

అప్పటికే వీరేశలింగంపంతులుగారు తన కవుల చరిత్రలో ఈ కావ్యాన్ని తీవ్రంగా తప్పుబట్టి ఉన్నారు. ఆడదాని నోట రాదగని మాటలున్నాయని ఆయన బాధ. స్త్రీవిద్య కోసం, వితంతు వివాహాల కోసం జీవితం ధారపోసిన మనిషి ఆయన. ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అంతటివాడికీ ఆడదాని శృంగారం మింగుడుపడలేదన్నదే చెప్పదలచింది. నాగరత్నమ్మ తన పీఠికలో జవాబిచ్చింది. సిగ్గనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని అడిగింది. ఇంతకన్నా పచ్చిగా ఉన్న వైజయంతీవిలాసం లాంటి మగకవి కావ్యాన్ని ఆమోదించినవారు దీన్నెలా తప్పుబడతారని నిలదీసింది.

మా అత్తమ్మ ప్రశ్నే కదూ ఇది? ఒకటి అచ్చయింది, ఒకటి వాకిట్లో గాలిలో కలిసింది, అంతే తేడా.

అచ్చయినందుకు శిక్షా పడింది. 1911లో పుస్తకం అశ్లీలమని ప్రభుత్వం కేసు పెట్టింది. పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. పండితులూ ప్రచురణకర్తలూ అర్జీలు పెట్టుకున్నా లాభం లేకపోయింది. నిషేధం ముప్ఫై ఆరేళ్ళు సాగింది. 1947లో టంగుటూరి ప్రకాశంపంతులుగారి చొరవతో తొలగింది. 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చు వేశారు. నాగరత్నమ్మ కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఈలోగా ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తన సంపాదనతో తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వకపోతే, ఆడవాళ్ళతో వేరే ఆరాధన జరిపించింది.

మా తరం అదృష్టవంతులం. వారపత్రికల్లో మాకు కాస్త చోటు దొరికింది. ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ గారి ప్రమదావనం కోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం. ఆవిడే స్వాతిలో పాత కెరటాలు శీర్షికన ఇంగ్లీషు నవలలు పరిచయం చేస్తుంటే, చదవకుండానే ఎన్ని నవలల మీద పోట్లాడుకున్నామో! ఒక నవలలో ఆడది ఎందుకలా చేసిందని వంటింట్లో వాదించుకోవడం తక్కువ పనేం కాదు. మన గురించి నేరుగా అడగలేని ప్రశ్నలు వరూధిని గురించి, కలభాషిణి గురించి అడుగుతాం. ఆ నోరు నొక్కితే, కథతోపాటు ప్రశ్నా పెట్టెలోకి పోతుంది.

ఇది తలుచుకునే మొన్న లేచి, బీరువా మీది పుస్తకం తీసి మనవరాలి చేతికిచ్చాను. కోడలు చురుగ్గా చూసింది. "దానికిరవయ్యేళ్ళు. ఆ గంధర్వుడికి మర్యాద లేదని కనిపెట్టింది చాలు, నీ పెంపకం బాగానే ఉంది" అన్నాను. ఆమె మాట్లాడలేదు, పుస్తకం మళ్ళీ లాక్కోనూ లేదు.

తర్వాత నా పెట్టె అడుగున వెతికాను. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు కొట్టాయి, అక్షరాలు మాత్రం బతికే ఉన్నాయి. నా కళ్ళకు ఆనడం లేదని మనవరాలి చేత చదివించాను. పట్నం పిల్ల కదా, ప్రతి పేజీకీ ఒకచోట తడబడుతూనే ఉంది. నేను గునుగుపువ్వుకు రంగులద్దుతూ విన్నాను. ద్వారకలో ఉయ్యాల ఊగింది, విమానం వచ్చింది, రూపాలు తారుమారయ్యాయి. ఇద్దరు రంభలూ ఎదురుపడ్డారు. సరిగ్గా అక్కడ పిల్లకు దాహం వేసి పుస్తకం మూసింది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఆపావేంటే? ఇంతకీ అసలు రంభ ఎవరు?" అన్నది మా కోడలు.