22.4 లీటర్ల కథ

ఇంటర్లో కెమిస్ట్రీ చదివినవాళ్ళని నిద్రలో లేపి అడిగినా 22.4 అనే అంకె చెప్తారు. ఎస్‌టీపీ దగ్గర, అంటే 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనంలో, ఒక మోల్ వాయువు పట్టే చోటు 22.4 లీటర్లు. లీటర్లని 22.4తో భాగిస్తే మోల్స్ వచ్చేస్తాయి. 5.6 లీటర్ల ఆక్సిజన్ అంటే పావు మోల్, 8 గ్రాములు.

కొన్నేళ్ళ క్రితం ఇక్కడ మలేషియాలో గ్యాస్ లెక్కల ప్రోగ్రాం రాస్తూ నేనూ కళ్ళు మూసుకుని 22.4తో భాగించేశాను. మోల్స్ ఐదున్నర శాతం ఎక్కువొచ్చాయి. రెండు రాత్రులు కోడ్ అంతా గాలించాను. తీరా చూస్తే, మీటరు చెప్పే 'స్టాండర్డ్' 0 డిగ్రీలు కాదు, 15 డిగ్రీలు! అక్కడ మోల్ అంటే 23.64 లీటర్లు. రిపోర్టు బయటికి వెళ్ళేలోపు దొరికింది కాబట్టి సరిపోయింది.

అసలీ లెక్కకి మూలం ఎక్కడ? 1808లో ఫ్రాన్స్‌లో గే లుసాక్ ఒక చిత్రం గమనించాడు. రెండు పాళ్ళ హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే మూడు కాదు, రెండు పాళ్ళ ఆవిరే వస్తోంది. 1811లో ఇటలీకి చెందిన అవగాడ్రో దీనికి జవాబు చెప్పాడు: ఒకే ఉష్ణోగ్రత, పీడనాల్లో సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయి, ఆక్సిజన్ అణువు రెండుగా విడిపోతుంది. ఒకే జాతి పరమాణువులు జంట కడతాయంటే డాల్టన్ వంటివారు ఒప్పుకోలేదు. దాంతో దాదాపు యాభై ఏళ్ళు నీటి ఫార్ములా మీదే ఏకాభిప్రాయం లేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూ సమావేశంలో కానిజారో ఈ సూత్రాన్ని మళ్ళీ ముందుకు తెచ్చాడు. అక్కడున్నవారిలో మెండలీవ్ ఒకరు. పాపం, అవగాడ్రో 1856లోనే పోయాడు.

ప్రకృతి ఇచ్చింది అవగాడ్రో సూత్రం. 'స్టాండర్డ్' మాత్రం మనుషులు కూర్చుని రాసుకున్నది. 1982లో అంతర్జాతీయ రసాయన సంఘం ఐయూపాక్ ప్రామాణిక పీడనాన్ని 1 బార్‌కి మార్చింది. అప్పుడు మోల్ 22.7 లీటర్లయింది. పాత పుస్తకాల్లో 22.4 అలాగే ఉండిపోయింది. ఇక్కడి ఎస్‌పీఎం పిల్లలకైతే 'రూమ్ కండిషన్స్' అని 24 లీటర్లు కూడా నేర్పుతారు. అది 20 డిగ్రీల గది. కౌలాలంపూర్ మధ్యాహ్నం 32 డిగ్రీల్లో మోల్‌కి 25 లీటర్లు కావాలి. ఆ రూము ఏ దేశంలోదో మరి!

సారవాక్‌లోని బింటులు నుంచి 1983లో జపాన్‌కి ద్రవ రూపంలో సహజవాయువు ఎగుమతి మొదలైంది. మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిస్తే ఘనపరిమాణం ఆరువందో వంతుకి తగ్గుతుందంటారు. మీరే చూసుకోవచ్చు. ఒక మోల్ మీథేన్ 16 గ్రాములు. ద్రవంగా అది సుమారు 38 మిల్లీలీటర్లు. 22.4 లీటర్లని దానితో భాగించండి, 590 వస్తుంది. 15 డిగ్రీల లెక్కన అయితే 620.

ఉంటానండీ, సెలవు.