ఆనకట్ట కట్టిన సైనికుడు: సర్ ఆర్థర్ కాటన్‌ను సంఘ చరిత్రలో ఎక్కడ నిలుపుదుము?

ప్రతి సంవత్సరము మే 15వ తేదీన ఉభయ గోదావరి ప్రాంతములలో ఒక ఆంగ్లేయుని విగ్రహములకు పూలమాలలు వేస్తారు. రైతులు వస్తారు, నీటిపారుదల ఇంజనీర్లు వస్తారు. గోదావరి స్నాన సంకల్పములో ఆయన పేరు స్మరించే పురోహితులు కూడా ఉన్నారు. డెల్టా సంఘములలో కొన్నేళ్లు పరిచర్య చేసిన కాలములో మేము ఆ సభలకు వెళ్లాము. అక్కడ మాకు కనబడిన పాస్టర్లను ఒక చేతి వేళ్లతో లెక్కించవచ్చును. మేము వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదివినప్పుడు బౌడెన్, హేయర్, నోబుల్ పేర్లు కంఠస్థము చేశామే గాని కాటన్ పేరు ఒక్క తరగతిలోనూ వినలేదు. హిందూ సోదరులు భగీరథునితో పోల్చిన క్రైస్తవుని క్రైస్తవ సంఘమే మరచిపోవడము వింత కాదా?

ఆర్థర్ థామస్ కాటన్ 1803లో ఇంగ్లండులో జన్మించారు. పదునారేళ్లకే, 1819లో, ఈస్టిండియా కంపెనీ మద్రాసు ఇంజనీర్ల దళములో చేరారు. 1824-26లో జరిగిన మొదటి బర్మా యుద్ధములో కోటల ముట్టడిలో పాల్గొన్నారు. ఆయనను శాంతిదూతగా మాత్రమే వర్ణించే మన ప్రసంగీకులు ఈ సంగతిని దాటవేస్తారు. దాటవేయనక్కరలేదు. ఆయన కంపెనీ సైనికుడు. జీతము తీసుకొన్నది, పదవులు పొందినది ఆ సైన్యములోనే. తంజావూరు సీమలో కొల్లిడము నదిపై 1836లో ఆయన కట్టిన ఆనకట్టలు ఆయనకు పేరు తెచ్చాయి. తరువాత ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియా వైపు వెళ్లి, 1841లో టాస్మానియాలో ఎలిజబెత్ లెర్‌మాంత్‌ను వివాహమాడారు. తిరిగి వచ్చి విశాఖపట్నములో పని చేసిన కాలములో అక్కడ ఒక దేవాలయమును కూడా కట్టించారు.

నాటి రాజమండ్రి జిల్లా స్థితి తెలియనిదే ఆయన చేసిన పని విలువ తెలియదు. 1833 నాటి నందన కరువును పెద్దలు తరతరాలు చెప్పుకొన్నారు. 1839 నవంబరులో కోరంగి తీరమును ఉప్పెన ముంచింది. 1821లో 7,38,308గా ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి దిగజారింది. అంటే ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు చనిపోయారు లేదా ఊరు విడిచి పోయారు. ప్రక్కనే గోదావరి సముద్రములోనికి వృథాగా పోతూనే ఉంది. కాటన్ 1844, 1845లలో వ్రాసిన నివేదికల సారాంశము ఇదే: నీరున్నది, నేలయున్నది, లేనిది ప్రభుత్వపు మనస్సు. 1846లో కంపెనీ డైరెక్టర్లు అనుమతినిచ్చారు. 1847లో ధవళేశ్వరము వద్ద పని మొదలైంది.

నది అడుగున రాతి పునాది లేదు. ఎంత త్రవ్వినా ఇసుకే. అటువంటి చోట కట్టడమెట్లో కాటన్‌కు ఇంగ్లండు నేర్పలేదు, కావేరిపై చోళుల నాటి కల్లణై నేర్పింది. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు విద్యను ఈ దేశపు పూర్వికుల నుండే నేర్చుకొన్నామని ఆయనే బాహాటముగా వ్రాశారు. ఏలువాడు ఏలబడువాని శిష్యుడనని ఒప్పుకొనడము ఆ కాలములో సామాన్య విషయము కాదు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, మధ్య లంకలను ఆధారము చేసికొని, ఆనకట్ట సాగింది. దగ్గరి కొండ నుండి రాయి తెచ్చారు. కూలీలను సమకూర్చి నడిపించిన వారిలో ముఖ్యుడు వీణం వీరన్న అను తెలుగువాడు. కాటన్ పేరు తలచిన ప్రతిసారీ వీరన్నను కూడా తలచుట న్యాయము. 1848లో ఎండదెబ్బకు కాటన్ కూలిపోగా కెప్టెన్ ఆర్ పని నడిపించారు. 1850లో కాటన్ తిరిగి వచ్చారు. 1852 మార్చి నెలాఖరుకు ఆనకట్ట పూర్తయింది.

మరి సంఘమునకు దీనితో సంబంధమేమి? మొదటిది కనబడేదే. 1836లో వచ్చి నర్సాపురము, పాలకొల్లులలో స్థిరపడిన గోదావరి డెల్టా మిషను వారికి ధవళేశ్వరపు కూలీల గుడిసెలు సువార్త పొలములయ్యాయి. ఎన్నెన్నో ఊళ్ల నుండి వచ్చిన పనివారు తాము విన్న మాటను వెంటబెట్టుకొని ఇండ్లకు వెళ్లారు. తరువాతి రోజులలో లూథరన్ మిషనెరీలు పడవలలో గ్రామాలు తిరిగింది కూడా ఆనకట్ట నుండి తీసిన కాలువల మీదనే. రెండవది మాకు ముఖ్యమైనది. కాటన్ పాదిరి కాడు, ఉపదేశి కాడు. భక్తిపరుడైన సామాన్య విశ్వాసి. ఆయన పరిచర్య ప్రసంగ వేదికపై జరగలేదు, ఇసుకలో జరిగింది. అభిషిక్త సేవకుల పేర్లతోనే సంఘ చరిత్రను నింపే మన అలవాటులో అటువంటి వానికి చోటు దొరకలేదు.

కొందరు ఆయనను నెహెమ్యాతో పోలుస్తారు. మాకది సరిగా తోచదు. నెహెమ్యా తన ప్రజల గోడను తన ప్రజలతో కట్టాడు. కాటన్‌కు దగ్గరివాడు యోసేపు. యోసేపు ఫరో కొలువులో ఉండి కరువు నుండి ప్రాణములను రక్షించెను, నిజమే. అయితే ఆదికాండము 47వ అధ్యాయము చివరి వరకు చదువుదము: ప్రజలు బ్రదికిరి, వారి పొలములు ఫరోవి ఆయెను. ఇక్కడా జనము బ్రదికిరి. కంపెనీ ఖజానా శిస్తుతో నిండెను. కాలువ నీరు భూమి ఉన్నవాని పొలమునకే పారుతుంది. మాలపల్లెలకు, మాదిగపల్లెలకు భూమి లేదు గనుక నీరు వారికి కూలిపని తెచ్చింది గాని సేద్యము తేలేదు. మన డెల్టా సంఘములలో అధికులు ఆ కూలీల సంతతియే. ఆనకట్ట వలన ఆకలిచావులు ఆగినందుకు వారు కృతజ్ఞులు కావచ్చును. విగ్రహము దగ్గర మన వారు తక్కువగా కనబడుటకు ఇది కూడా ఒక కారణమేమో ఆలోచింపవలెను. ఈ లోటుకు కాటన్ ఒక్కరినే బాధ్యుని చేయలేము. భూమి పంపకము ఇంజనీరు చేతిలోని పని కాదు.

ఆధారముల విషయములో విద్యార్థులకు ఒక హెచ్చరిక. కాటన్ వ్యక్తిగత భక్తిని గూర్చి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగము ఆయన కుమార్తె లేడీ హోప్ 1900లో ప్రచురించిన జీవిత చరిత్ర నుండి వచ్చినదే. డార్విన్ అంత్యదినములలో బైబిలు చదువుచు పశ్చాత్తాపపడ్డాడని 1915లో కథ ప్రచురించినది కూడా ఆమెయే. డార్విన్ పిల్లలు దానిని ఖండించారు, చరిత్రకారులూ అంగీకరించరు. మన వేదికలపై ఆ కథ నేటికీ వినబడుచునే యున్నది! కావున తండ్రిని గూర్చి కుమార్తె వ్రాసినదానిని ప్రేమతో చదువుదము, నివేదికలతో, లెక్కలతో సరిచూచుకొందము. ఆనకట్ట విషయములో ఆ లెక్కలు కాటన్‌కు సాక్ష్యమిస్తున్నాయి.

1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1876-78 నాటి గొప్ప కరువులో దక్షిణ దేశమున లక్షల మంది మరణించినప్పుడు రైలు మార్గములకు గుమ్మరించిన ధనము కాలువలకు పెట్టియుంటే ఇంత చావు ఉండేది కాదని ఆయన గట్టిగా వాదించారు. 1878లో పార్లమెంటు విచారణ సంఘము ఎదుట కూర్చున్నప్పుడు ఆయనకు డెబ్బది అయిదేండ్లు. అక్కడి అధికారులలో అనేకులకు ఆయన మాట మింగుడుపడలేదు, ఆయన వెనుకకు తగ్గలేదు.

1899 జూలై 24న డార్కింగ్ పట్టణములో తన 96 ఏండ్ల వయసులో ఆయన కన్నుమూశారు. చివరి సంవత్సరములలో ఇంటి తోటలో నేలను లోతుగా త్రవ్వించి, ఒక చిన్న మడిలో ఎంత ఎక్కువ గోధుమ పండించవచ్చునో పరీక్షిస్తూ ఉండేవారు. ఆయన ఆనకట్ట స్థానములో 1982లో పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. దాని క్రింద సుమారు 10 లక్షల ఎకరములు సాగవుతున్నాయి.