22 గజాల నేల ఎవరి చేతిపని?

క్రికెట్ చరిత్ర పేరుతో మనకు దొరికే పుస్తకాల నిండా పరుగులు, వికెట్లు, కెప్టెన్లు, మహారాజులే. ఆ పరుగులు తీసిన నేలను తయారుచేసినవాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు. పిచ్ బాగా ఆడితే బ్యాట్స్‌మన్ గొప్పవాడు, ఆడకపోతే పిచ్ చెత్త. నేలకు తిట్లే తప్ప పొగడ్తలుండవు. నేల మీద పనిచేసే కులాలకు ఈ దేశంలో దక్కిందీ అదే గనక, క్రికెట్‌ను గ్యాలరీలోంచి కాకుండా ఆ నేలమీది నుంచి చూడాల్సిన అవసరం దళిత చరిత్ర రాసేవాళ్ళకుంది. ఇదేదో వేళాకోళానికి అంటున్న మాట కాదు. మన దేశం తయారుచేసిన మొదటి గొప్ప బౌలర్ పిచ్ ఊడ్చే పనితో జీవితం మొదలుపెట్టిన అంటరాని కులస్థుడు.

ముందు ఆ పని ఏమిటో తెలుసుకుందాం. పిచ్ అంటే 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న బంకమట్టి పట్టీ. మన దేశంలో దాన్ని నల్లమట్టితోనో ఎర్రమట్టితోనో పోస్తారు, మీద గరిక పెంచుతారు. గరికంటే మనకు కొత్తా? పొలంలో పడితే చేను పాడవుతుందని కూలి ఆడవాళ్ళు వేళ్ళు నొప్పులు పుట్టేదాకా పీకేది ఆ గరికనే. వినాయకుడి పూజలో పవిత్రమయ్యేదీ అదే. క్రికెట్ గ్రౌండ్‌లో దాని పని వేరు. దాని వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, లోపలి తడిని పైకి లాగి నేలను గట్టిపరుస్తాయి. కానీ గరిక పక్కలకు పాకే గడ్డి. కోసినకొద్దీ పాత కాడలు, ఎండిన వేళ్ళు, కుళ్ళని తుక్కు మట్టికీ పచ్చగడ్డికీ మధ్య పొరగా పేరుకుపోతాయి. ఆ పొర పరుపులాంటిది. బంతి దాని మీద పడితే ఊపు చచ్చి కింద జారిపోతుంది. పైన పోసిన కొత్త మట్టి కింది మట్టితో అతుక్కోదు. వేళ్ళు లోతుకు పోకుండా ఆ తుక్కులోనే తిరుగుతాయి. అందుకే నేలను గీరాలి. నిలువుగా గాట్లు పెట్టి తుక్కును పైకి లాగాలి, ఊడ్చి పారెయ్యాలి, ఆ గాట్లలో కొత్త మట్టి నింపాలి. ఇంగ్లాండులో సీజన్ ముగిసిన సెప్టెంబరులో ఈ పని చేసి, గాట్లలో రై గడ్డి విత్తనం చల్లుతారు. ఇంగ్లీషులో దీన్ని స్కారిఫైయింగ్ అంటారు. మన రైతు దంతె తోలే పనికి దూరపు చుట్టం.

ఇంగ్లాండులో మొదట్లో ఈ బాధలేవీ లేవు. లార్డ్స్ మైదానంలో గడ్డిని గొర్రెలు మేసేవి, మిగిలింది కొడవళ్ళతో కోసేవాళ్ళు. లార్డ్స్‌కు తనదంటూ ఒక గ్రౌండ్స్‌మన్ వచ్చింది 1864లో. గడ్డి కోసే యంత్రం అంతకుముందే, 1830లో, గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఎడ్విన్ బడింగ్ చేశాడు. బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి అతనికి ఆ ఆలోచన వచ్చింది. నేతగాళ్ళ పనిముట్టు దొరల పచ్చికకు చేరిందన్నమాట. తర్వాత పెద్ద యంత్రాలను గుర్రాలు లాగాయి. గుర్రపు డెక్కలు పచ్చిక మీద గుంటలు పెడతాయని వాటికి తోలు బూట్లు తొడిగేవాళ్ళు. ఆ తోలు ఎవరు ఊనారో, ఎవరు కుట్టారో ఏ క్రికెట్ పుస్తకమూ పట్టించుకోలేదు. బంతి కూడా తోలే. తోలు ముట్టుకుంటే మైల అన్నవాళ్ళు తోలు బంతిని పట్టుకోడానికి ఒకరి మీద ఒకరు పడి పరిగెత్తిన ఆట ఇది!

ఇప్పుడు పూనాకు వద్దాం. పల్వంకర్ బాలూ 1876లో ధార్వాడ్‌లో పుట్టాడు. కులం చమార్, మన మాదిగల్లాగే తోలుపని కులం. తండ్రిది సైన్యంలో కొలువు. ఆఫీసర్లు పారేసిన బ్యాట్లు, బంతులతోనే బాలూ, తమ్ముడు శివరాం ఆట నేర్చుకున్నారు. బాలూకు దొరికిన మొదటి ఉద్యోగం పార్శీల క్రికెట్ క్లబ్బులో, పిచ్ ఊడ్చి రోలర్ లాగడం. జీతం నెలకు 3 రూపాయలు. 1892 ప్రాంతంలో యూరోపియన్ల పూనా క్లబ్బుకు మారితే 4 రూపాయలయింది. రోలర్ లాగడం, గీతలు గీయడం, నెట్లు కట్టడం, అవసరమైతే టెన్నిస్ కోర్టుకు సున్నం గీతలు పెట్టడం అతని పనులు. వీటి మధ్యలో దొరలకు బంతులు వెయ్యాలి. గ్రెగ్ అనే ఇంగ్లీషు బ్యాట్స్‌మన్ అందరికంటే ముందొచ్చి గంటలకొద్దీ బాలూ చేత బౌలింగ్ చేయించుకునేవాడనీ, అవుట్ చేసిన ప్రతిసారీ 8 అణాలిచ్చేవాడనీ చెబుతారు. ఒక్కసారి కూడా బాలూ చేతికి ఎవరూ బ్యాటివ్వలేదు. కూలివాడు బంతి వెయ్యొచ్చు, ఎందుకంటే అది చాకిరీ. బ్యాట్ పట్టడం దొరతనం.

బాలూ బౌలింగ్‌ను రాసినవాళ్ళందరూ అతని ఎడమచేతి స్పిన్‌ను, ఫ్లైట్‌ను, వేళ్ళ నేర్పును మెచ్చుకున్నారు. సహజ ప్రతిభ అన్నారు. నాకు ఆ మాట మీదే అభ్యంతరం. పొద్దున లేచి పిచ్ ఊడ్చి, తడి చూసి, రోలర్ ఎంతసేపు లాగాలో రోజూ తేల్చుకునేవాడికి బంతి ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ఎలా ఉంటుంది? నేలను మిగతా ఆటగాళ్ళు బూట్లతో తొక్కి చూశారు, బాలూ వీపు వంచి చూశాడు. అది చదువే, బడిలో చెప్పని చదువు. దాన్ని 'సహజం' అంటే ఆ శ్రమను లెక్కలోంచి కొట్టేసినట్టే. చెప్పులు కుట్టేవాడి నేర్పునూ, డప్పు బిగించేవాడి నేర్పునూ 'కులవిద్య' అని తీసిపారేసే అలవాటే ఇదీ.

పూనా హిందువుల క్లబ్బు యూరోపియన్లతో ఆడాలనుకున్నప్పుడు బాలూను తీసుకోవాలా వద్దా అని తగాదా వచ్చింది. అక్కడి మరాఠీ బ్రాహ్మణులు ససేమిరా అంటే, క్లబ్బులోని తెలుగు సభ్యులు కొందరు కావాలన్నారని రామచంద్ర గుహ 2002లో వచ్చిన తన క్రికెట్ చరిత్రలో రాశాడు. మనవాళ్ళు పెద్ద ఉదారులని మురిసిపోవాల్సిన పని లేదు, గెలవాలంటే బౌలర్ కావాలి మరి. జట్టులోకి రానిచ్చారు గానీ పెవిలియన్‌లోకి రానివ్వలేదు. లోపల అందరికీ పింగాణీ కప్పులు, బయట నిలబడ్డ బాలూకు పారేసే మట్టి ముంత. భోజనానికి వేరే పళ్ళెం, వేరే బల్ల. మైదానంలో అందరూ పట్టుకున్న బంతినే అతనూ పట్టుకున్నాడు. తాగే నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మైల గుర్తొచ్చింది.

సతారాలో జరిగిన సంగతి మన విషయానికి ఇంకా దగ్గరిది. అక్కడి యూరోపియన్ జింఖానా బాలూ స్పిన్‌కు భయపడి, బంతి తిరక్కుండా వారం రోజుల పాటు పిచ్ మీద రోలర్ లాగించింది. ఒక కూలివాడి నేర్పును చంపడానికి మిగతా కూలివాళ్ళ చేత వారం పనిచేయించారు! అయినా బాలూ 7 వికెట్లు తీశాడు, పూనా గెలిచింది.

1896లో ప్లేగు రోజుల్లో బాలూ బొంబాయి చేరాడు. 1906లో యూరోపియన్ల మీద హిందువులు 109 పరుగుల తేడాతో గెలిచిన మ్యాచ్‌లో అతనివి 8 వికెట్లు. 1911లో ఇంగ్లాండు పర్యటనలో 114 వికెట్లు తీశాడు. జట్టు కెప్టెన్ మాత్రం పటియాలా మహారాజు. హిందూ జట్టుకు బాలూ ఏనాడూ కెప్టెన్ కాలేదు. ఆ కుర్చీ 1923లో అతని తమ్ముడు విఠల్‌కు దక్కింది, అదీ కుటుంబం కొట్లాడిన తర్వాత. బాలూ రాజకీయాలు మనలో చాలామందికి మింగుడుపడవు. 1932 పూనా ఒడంబడికలో ఎం.సి. రాజాతో కలిసి గాంధీ పక్షాన నిలిచాడు. 1937లో కాంగ్రెస్ టికెట్ మీద బాబాసాహెబ్ అంబేడ్కర్ మీదే పోటీ చేసి 13,245కు 11,225 ఓట్లతో ఓడిపోయాడు. దీన్ని దాచాల్సిన పనీ లేదు, దీనికోసం అతని చరిత్రను పక్కన పెట్టాల్సిన పనీ లేదు. వాడుకున్నవాళ్ళు మట్టి ముంత ఇచ్చినవాళ్ళే అన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు.

బాలూ రోజుల్లో చీపురు, రోలర్. ఇప్పుడు యంత్రం వచ్చింది కదా, పని తేలికైంది కదా అంటారు. చూద్దాం. స్కారిఫయర్ అంటే ఎక్కువగా పెట్రోలు ఇంజన్‌తో నడిచే యంత్రం. కింద అడ్డంగా ఒక ఇరుసు, దానికి వరసగా నిలువు బ్లేడ్లు. ఇరుసు గిర్రున తిరుగుతుంటే బ్లేడ్లు నేలలోకి దిగి గాట్లు పెడుతూ తుక్కును ఎగజిమ్ముతాయి. పిచ్ పొడవు వెంట ఒకసారి, కొంచెం ఏటవాలుగా మరోసారి తోలతారు. యంత్రం ఖరీదైనదే, కానీ దాని బతుకంతా కాపాడేవాడి చేతిలో ఉంటుంది. బ్లేడు మొన అరిగి గుండ్రమైతే అది కొయ్యదు, పీకుతుంది. తుక్కుతో పాటు బతికున్న గడ్డి వేళ్ళతో సహా లేచొస్తుంది. ఒక బ్లేడు విరిగితే విరిగినదాన్ని మాత్రమే మారిస్తే సరిపోదు. కొత్తదానికీ అరిగినదానికీ బరువు తేడా వచ్చి ఇరుసు వణుకుతుంది, ఆ వణుకు బేరింగులను తినేస్తుంది. అందుకని ఎదురెదురు బ్లేడ్లను జతగానో, మొత్తం సెట్టుగానో మార్చాలి. కొన్ని రకాల్లో ఒక అంచు అరిగితే తిప్పి రెండో అంచు వాడుకోవచ్చు. గట్టి టంగ్‌స్టన్ మొనలు చాలాకాలం వస్తాయి గానీ రాయి తగిలితే ఎగిరిపోతాయి. కాబట్టి యంత్రం దించేముందు పట్టీ మీద నడిచి రాయీ రప్పా, మేకులూ ఏరాలి.

పని అయ్యాక అసలు చాకిరీ మొదలవుతుంది. ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి (ఇది మరిచిపోయినవాడి వేళ్ళకు పూచీ లేదు) బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న బంకమట్టి గీకాలి. తడిగా ఉన్నప్పుడు తియ్యకపోతే అది సిమెంటైపోతుంది, లోపల తుప్పు మొదలవుతుంది. ఇరుసు చివర్లకు చుట్టుకున్న గడ్డి పీచు కొయ్యాలి, లేకపోతే సీలు తెగి దుమ్ము బేరింగులోకి పోతుంది. గాలి ఫిల్టర్ దులపాలి, బెల్టు బిగువు చూడాలి, గ్రీజు పెట్టాలి. లోతు రెండు పక్కలా ఒకేలా ఉందో లేదో చదునైన పలక మీద పెట్టి చూసుకోవాలి. ఒక పక్క నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే పిచ్ ఒకవైపే గాయపడుతుంది. వానాకాలం మూల పెట్టేముందు పెట్రోలు తీసేసి బ్లేడ్లకు నూనె రాయాలి. ఇదంతా పుస్తకంలో రాసుంటుంది, అదీ ఇంగ్లీషులో. చేసేవాడు చెవితో చేస్తాడు. ఇంజన్ మోత మారగానే ఏది వదులైందో చెప్పగలడు.

మోటబావుల కాలాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. మోటకు తోలు తిత్తి కుట్టడం, చినిగితే అతకడం మాదిగ పని. అది లేకపోతే పొలానికి నీళ్ళే లేవు. అయినా దానికి 'రిపేరు' అన్న గౌరవం దక్కలేదు, కళ్ళంలో నాలుగు గింజలిచ్చి వెట్టి అన్నారు. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటర్లు వచ్చాక అదే చెరువు కింద, అదే బావి దగ్గర బాగుచేసేవాడు 'మెకానిక్' అయ్యాడు, బిల్లు ఇచ్చాడు. పని స్వభావం మారిందా? చేసేవాడి పేరూ హోదా మారాయి. చాలాచోట్ల చేసేవాడే మారిపోయాడు. గ్రౌండులోనూ ఇదే వరస. మట్టి గురించి మాట్లాడేవాడు 'క్యూరేటర్', మట్టిలో ఉండేవాడు 'గ్రౌండ్ బాయ్', వయసు అరవై దాటినా సరే బాయే. మీ జిల్లా స్టేడియానికి వెళ్ళే విద్యార్థులు స్కోరుబోర్డుతో పాటు ఇదీ అడిగి రాసుకోవాలి: యంత్రం తోలేదెవరు, విప్పి కడిగేదెవరు, జీతం నెలకా రోజుకా, కాంట్రాక్టరు ఎవరు, వేలు తెగితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది?

ఈమధ్య వీళ్ళ పేరు కొంచెం వినపడుతోంది. 2022 ఐపీఎల్ తర్వాత ఆరు మైదానాల క్యూరేటర్లకు, గ్రౌండ్ సిబ్బందికి కలిపి 1.25 కోట్లు ఇస్తామని బోర్డు ప్రకటించింది. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్‌లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50కే కూల్చిన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్, ఆటోడ్రైవర్ కొడుకు, తనకొచ్చిన 5,000 డాలర్ల బహుమతిని గ్రౌండ్ సిబ్బందికి ఇచ్చేశాడు. వానలో పరిగెత్తి కవర్లు లాగినవాళ్ళు లేకపోతే ఆ టోర్నీ జరిగేది కాదని అతనికి తెలుసు. సిరాజ్‌ది మంచి మనసు, అందులో సందేహం లేదు. కానీ బహుమతి వేరు, జీతం వేరు. బాలూకు గ్రెగ్ ఇచ్చిన 8 అణాలు కూడా బహుమతే. నెల జీతం మాత్రం 4 రూపాయల దగ్గరే ఉంది.