ఎజైల్ విజయానికి సాక్ష్యం ఎంత? కార్డ్ అనుభవంతో కలిపి చూస్తే

కనిగిరి చుట్టుపక్కల మెట్ట చేను అమ్ముకునే రైతు సాధారణంగా ముందు దస్తావేజు లేఖరినే కలుస్తాడు. భూమి విలువ కట్టడం, స్టాంపు సుంకం లెక్క, ఈసీ (ఆస్తిపై ఉన్న భారాల ధ్రువపత్రం) తీయించడం ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కార్డ్ పేరుతో 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటరీకరించింది. ఇండెక్సు పుస్తకాలు తిరగేసి రాసే ఈసీ నిమిషాల్లో ముద్రణై వచ్చే ఏర్పాటు అది. దళారుల అవసరం తగ్గుతుందన్న ఆశ కూడా దానితో ముడిపడి ఉంది. తొలి నివేదికలు దాన్ని విజయంగానే చెప్పాయి. 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జోనథన్ కేస్లీ రాసిన వ్యాసం మాత్రం, కంప్యూటర్లు వచ్చినా అవినీతి తగ్గలేదనీ మధ్యవర్తుల పాత్ర పోలేదనీ వాదించింది.

కార్డ్ ఎజైల్ ప్రాజెక్టు కాదు; ఎజైల్ అంటే పనిని చిన్న విడతలుగా చేస్తూ, వాడేవారి స్పందనతో దిద్దుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్ నిర్మాణ పద్ధతి. ఎజైల్ మేనిఫెస్టో 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి రాసుకున్నది. అయినా ఈ ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ అందడం, పనిచేసే తీరు మారడం వేర్వేరు సంగతులని ఇంత దగ్గరగా చూపే తెలుగు నేల అనుభవాలు అరుదు.

ఎజైల్ మీద పరిశోధన ఏం చెబుతోంది? 2008లో పరిశోధకులు డ్యూబో, డింగ్సోయర్ మొత్తం 1996 అధ్యయనాలను జల్లెడ పడితే ప్రమాణాలకు నిలిచినవి 36. వాటి సాక్ష్యబలం కూడా చాలా తక్కువని వారే తేల్చారు. అదే ఏడాది చౌ, కావ్ 25 దేశాల 109 ప్రాజెక్టులపై చేసిన సర్వేలో మూడు అంశాలు గట్టిగా నిలిచాయి: విడతలవారీగా అందించే వ్యూహం, ఎజైల్ ఇంజనీరింగ్ పద్ధతులు, బృందం సామర్థ్యం. పై అధికారుల అండ కీలకమనడానికి అందులో ఆధారం దొరకలేదు. 2016లో డికర్ట్, పాసివారా, లాసెనియస్ 42 పెద్ద సంస్థల అనుభవాలను సమీక్షిస్తే మాత్రం యాజమాన్యం మద్దతు ముందువరుసలో కనిపించింది.

రెండూ నిజం కావచ్చు. చౌ, కావ్ సర్వే ప్రాజెక్టును కొలిచింది, డికర్ట్ బృందం సమీక్ష సంస్థ మొత్తం మారడాన్ని. ఒక బృందం తన పనిని రెండు వారాల విడతలుగా విభజించుకోవడానికి పై అధికారి పెద్దగా చేయాల్సింది ఉండకపోవచ్చు. ఆ విడతలో తేలిన విషయం ఆర్థిక విభాగం మంజూరునో, కాంట్రాక్టు షరతునో మార్చాలంటే మాత్రం ఆయన సంతకం కావాలి. ఇది నా వివరణే, అధ్యయనాల తీర్పు కాదు. డికర్ట్ బృందం పరిశీలించిన పత్రాల్లో దాదాపు 90 శాతం అనుభవ కథనాలన్నది కూడా మరువరాదు. విఫలమైన సంస్థ తన కథ రాసుకోవడం తక్కువ, కాబట్టి విజయ కారణాల జాబితాలను ఆచితూచి వాడాలి.

రోజువారీ స్టాండప్ సమావేశాలు, విడత పనులు చూపే స్ప్రింట్ బోర్డులు ఉన్నాయా అన్నది తేలిగ్గా లెక్కపెట్టవచ్చు. సర్వేలు ఎక్కువగా అక్కడే ఆగడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ లాంటి చోట రేపు ఎజైల్ పద్ధతిలో కొత్త సాఫ్ట్‌వేర్ కడితే, నేను ముందు అడిగేది ఒక్కటే: గత విడతలో కనిగిరి లాంటి కార్యాలయంలోని గుమస్తా చెప్పిన ఇబ్బందుల్లో ఎన్ని తర్వాతి విడత పనిలోకి చేరాయి, చేరనివాటిని ఎవరు, ఏ కారణంతో పక్కన పెట్టారు? ఆ లెక్కతో పాటు రైతు లేఖరికి ఇస్తున్న రుసుము ముందూ తర్వాతా ఎంతో నమోదు చేస్తే, కార్డ్ విషయంలో ఆలస్యంగా తెలిసింది ఈసారి తొలి నెలల్లోనే తెలిసే వీలుంటుంది.