పాలమూరు వలస: గ్రామీణ పేదరికం, ప్రాంతీయాభివృద్ధి – ఒక చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

కృష్ణా, తుంగభద్ర నదుల తీరాన ఉన్నప్పటికీ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా కరువుకూ వలసకూ పర్యాయపదమైంది. దేశంలో అనేక ఆనకట్టలను, కాలువలను నిర్మించిన శ్రామికులకు ‘పాలమూరు లేబర్’ అన్న పేరు స్థిరపడింది. వలసను సాధారణంగా పేదరికపు ఫలితంగా పరిగణిస్తారు. అదే వలస తిరిగి ప్రాంతీయ వెనుకబాటుకు ఎట్లా కారణమైందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చారిత్రక నేపథ్యం

నిజాం పాలనలో ఈ ప్రాంతంలోని గద్వాల, వనపర్తి, జటప్రోలు మొదలైనవి సంస్థానాలుగా ఉండేవి. భూమిపై ఆధిపత్యం కొద్దిమంది చేతుల్లో ఉండగా, సామాన్య రైతు వర్షాన్నీ చెరువునూ నమ్ముకొని జీవించాడు. 1948 తరువాత సంస్థానాలు, జాగీర్లు రద్దయ్యాయి కానీ మెట్టభూమికి నీరు చేరలేదు. రాజోలిబండ మళ్లింపు పథకం తుంగభద్ర తీరప్రాంతానికే పరిమితం. కృష్ణానదిపై జూరాల ప్రాజెక్టుకు 1981లో గానీ శంకుస్థాపన జరగలేదు. ఈలోగా శ్రీశైలం జలాశయంలో జిల్లాకు చెందిన తీరగ్రామాలు మునిగిపోయాయి.

3. అడ్వాన్సు – అప్పు – వలస

వలసకు మూలసూత్రం అడ్వాన్సు. గుత్తేదారు తరఫున మేస్త్రీ కూలీ కుటుంబానికి ముందుగానే సొమ్ము ముట్టజెపుతాడు. పెళ్లికో, వైద్యానికో, పాత బాకీకో అది ఖర్చవుతుంది. ఆ అప్పు తీరేవరకు కూలీకి బేరమాడే శక్తి ఉండదు. వెట్టిచాకిరీ నిర్మూలనకు 1976లోనూ, అంతర్రాష్ట్ర వలస కార్మికుల రక్షణకు 1979లోనూ చట్టాలు వచ్చాయి. అయితే ఒప్పందం నోటిమాటగా ఒకచోట, పని వేరొక రాష్ట్రంలో జరగడం వల్ల బాధ్యులను నిలదీయడం కష్టమైంది.

4. ప్రాంతంపై ప్రభావం

మొదటిది, శ్రమశక్తి నష్టం. పనిచేయగలవారు వెళ్లిపోగా ఊళ్లో వృద్ధులు మిగిలారు, సేద్యం కుంటుపడింది. రెండవది, పెట్టుబడి లోపం. సంపాదన బాకీలకే సరిపోవడంతో బావికీ, ఎడ్లకూ, విత్తనానికీ డబ్బు మిగలలేదు. మూడవది, విద్యానష్టం. తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లలకు బడి దూరమైంది. 2011 జనగణనలో జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం. నాటి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో ఇదే అత్యల్పం. దీనికి వలస ఒక్కటే కారణం కాకపోయినా, దాని పాత్రను విస్మరించలేము. అంటే ఇతర ప్రాంతాల అభివృద్ధికి పాలమూరు శ్రమను సమకూర్చింది. ఆ శ్రమఫలం మాత్రం స్వస్థలంలో మూలధనంగా మారలేదు.

5. ముగింపు

2006లో ఉపాధి హామీ పథకం తొలిదశలోనే ఈ జిల్లాకు వర్తించింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల పథకాలు మెట్టకు నీటిని చేర్చాయి. ఇవి అవసరమైన చర్యలే. కానీ నీరు భూమి ఉన్నవానికి పంటనిస్తుంది, భూమిలేనివానికి కూలి మాత్రమే ఇస్తుంది. ఆపదకాలంలో మేస్త్రీ అడ్వాన్సుకు బదులుగా సంస్థాగత రుణం, ఊళ్లోనే వైద్యం, వలస పిల్లలకు వసతితో కూడిన విద్య లభించినప్పుడే ఈ వలయం తెగుతుంది. కనుక ప్రాంతీయాభివృద్ధిని సాగైన ఎకరాలతోపాటు, అప్పుకోసం ఊరు విడవనవసరం లేని కుటుంబాల సంఖ్యతోనూ కొలవాలి.